చెన్నై తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ: పిల్లల తెలుగును తిట్టడం ఆపి, వాళ్ళ ఫోన్లలోకి తెలుగు లిపి తెద్దాం

చెన్నైలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

ఆగస్టు 29 దగ్గర పడుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, మన తెలుగు భాషా దినోత్సవం. ఎప్పటిలాగే మైలాపూరులో, టి.నగర్‌లో, పెరంబూరులో సభలు జరుగుతాయి. ఆ సభల ఆహ్వానాలు, కరపత్రాలు, తరవాత వచ్చే ప్రత్యేక సంచికలు డీటీపీ చేసి, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి, ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకే మీ ఉపన్యాసాలు కొన్ని మైకులో వినపడకముందే నా కంప్యూటర్ మీదికి వస్తాయి. ఏటా వాటిలో ఒక మాట తప్పకుండా ఉంటుంది. ఇంటర్నెట్ తెలుగును పాడుచేసిందని, వాట్సాప్ భాష మన భాషను మింగేస్తోందని, ఈ తరానికి తెలుగు రానే రాదని. ఆ వాక్యాలు టైపు చేసినప్పుడల్లా నాకు మనసొప్పదు. నేను రోజూ చూసేది వేరు. ఈసారి సభలు మొదలవకముందే ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. మీరు సొంత డబ్బు, సెలవు రోజులు ఖర్చుపెట్టి ఈ ఊళ్ళో తెలుగును నిలబెడుతున్నవాళ్ళు. మీరు తలుచుకుంటే జరుగుతుందన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన పిల్లల నోట్లో తెలుగు ఉంది. ఆ తెలుగును వాళ్ళ చేత మొట్టమొదట రాయించింది ఫోనే. వాళ్ళ దగ్గర లేనిది లిపి. లిపిని వాళ్ళ చేతికి అందించే సాధనాలన్నీ ఇవాళ అవే ఫోన్లలో ఉన్నాయి. వాటిని ముందు మీరు వాడటం మొదలుపెట్టాలి.

మా షాపు రాయపేటలో ఉంది. ఎక్కువగా చేసేది శుభలేఖలు. ఇదివరకు పెళ్ళి కార్డు మేటరు కాగితం మీద, ఇంట్లో ఏ తాతగారో పెదనాన్నగారో చేత్తో రాసిచ్చింది వచ్చేది. మడతపెట్టిన తెల్ల కాగితం, నాలుగు మూలలా పసుపు. ఇప్పుడు మేటరు వాట్సాప్‌లో వస్తుంది. భాష తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. మొన్న మాఘమాసపు ముహూర్తాలకు కొరుక్కుపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటిపేరు వీ, ఏ, డీ, ఏ, ఎల్, ఐ అని పంపారు. అవే అక్షరాలు వడలి కావచ్చు, వదలి కావచ్చు, వాడాలి కూడా కావచ్చు. పెళ్ళికూతురి నాన్నగారికి ఫోన్ చేసి ఒకసారి పలకమని అడిగాను. "వడలి అమ్మా, గొడుగులో డ" అన్నారు. ఎంత స్పష్టంగా పలికారో! ఆయన పుట్టి పెరిగింది చెన్నైలోనే, చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరం చదవలేరు. కానీ డకీ దకీ తేడా ఆయన నాలుకకు తెలుసు.

ప్రూఫు పంపాక అసలు కథ మొదలైంది. ఆ ఇంట్లో కార్డు చదివి సరిచూడగలిగింది ఒక్క అమ్మమ్మగారే. పెళ్ళికూతురు నాకు వాట్సాప్‌లో, ఇంగ్లీషు అక్షరాల్లోనే, "అమ్మమ్మ ఒకసారి చూడాలంట, రేపటి దాకా టైమ్ ఇవ్వండి ప్లీజ్" అని పెట్టింది. మర్నాడు పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మమ్మగారు కార్డు మొత్తం, వినాయకుడి శ్లోకం దగ్గర్నుంచి "మీ రాకను అభిలషించు" దాకా, పైకి చదివి రికార్డు చేశారు. మధ్యమధ్యలో ఆగి, "ఇక్కడ మా మామగారి పేరులో ల కాదు, ళ పడాలమ్మా" అంటూ దిద్దారు. వెనకాల ఆ పిల్ల గొంతు వినపడుతోంది: "ఇంకోసారి చదువు అమ్మమ్మా, నా పేరు ఎక్కడుంది?" తన పెళ్ళి కార్డులో తన పేరెక్కడుందో ఆ పిల్ల అమ్మమ్మను అడిగి తెలుసుకుంది.

ఆ పిల్ల రాసిన వాక్యాన్ని ఇంకోసారి చూడండి. "చూడాలంట" అంది. అమ్మమ్మ మాటను తన మాటగా కాకుండా, ఆవిడ అన్నట్టుగా నాకు చేరవేసింది. ఆ చిన్న "అంట"లో ఎంత వ్యాకరణం ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ బడిలోనూ తెలుగు చదవని పిల్ల అది. తెలుగు రాదని మీ సభలో అనేది ఈ పిల్లనే.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ఈ పిల్లలు కనిపెట్టిందేమీ కాదు. 1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కంప్యూటర్ల మీద ఒకరికొకరు తెలుగులో రాసుకోవాలనుకున్నప్పుడు తెర మీద తెలుగు అక్షరమే లేదు. అప్పుడు రైస్ విశ్వవిద్యాలయంలోని మనవాళ్ళు ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి తయారుచేశారు. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం కొట్టాలో, డకీ దకీ తేడా ఎలా చూపించాలో అందులో పక్కాగా ఉంటుంది. ఆ పద్ధతిలో రాసినదాన్ని మళ్ళీ తెలుగు లిపిలోకి తేవచ్చు. 2006లో వచ్చిన లేఖిని అనే వెబ్‌సైటు ఆ పనే చేసింది. నాలాంటి వాళ్ళు ఎందరో ఇంటర్నెట్‌లో మొదటి తెలుగు వాక్యం దానితోనే రాశారు. అంటే రోమన్ తెలుగు పుట్టింది తెలుగు మీది ప్రేమతోనే.

తరవాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగులో రాస్తే 70 దగ్గరే ఆగిపోయేది. పైగా మన లిపిలో గుణింతం గుర్తు, ఒత్తు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ఒక మెసేజ్‌లో అయ్యే కబురుకు రెండు మూడు మెసేజ్‌ల డబ్బులు పోయేవి. అంత ఖర్చుపెట్టి పంపినా అవతలి ఫోన్‌లో తెలుగు లేకపోతే కనపడేవి ఖాళీ డబ్బాలే. ఆండ్రాయిడ్‌కు తెలుగు అక్షరాలు 2012లో 4.1 వెర్షన్‌తో వచ్చాయి. అప్పటికే ఒక తరం వేళ్ళు రోమన్‌కి అలవాటుపడిపోయాయి. అలవాటు పడ్డాక మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

చెన్నైలో దీనికి ఇంకొకటి తోడైంది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళనాడులో ఉన్నవాళ్ళం తమిళం నేర్చుకోవాల్సిందే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. మా అబ్బాయి తమిళంలో కవితలు చదువుతుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ బడి అనే దారి చాలామంది తెలుగు పిల్లలకు మూసుకుపోయింది. కోర్టు కేసులు, మినహాయింపులు, అర్జీలు మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ పోరాటం సాగాలి. అది తేలేలోపు పెరిగి పెద్దయ్యే పిల్లల సంగతేమిటన్నదే నా ప్రశ్న. వాళ్ళు బడిలో తెలుగు రాయలేదు, ఉత్తరాలు రాయలేదు, డైరీలు రాయలేదు. వాట్సాప్ గనక లేకపోతే జీవితంలో ఒక్క తెలుగు వాక్యం కూడా రాసేవాళ్ళు కాదు. ఇవాళ రోజుకు ఎన్నో వాక్యాలు రాస్తున్నారు, అమ్మకీ, బావకీ, నెల్లూరులో ఉన్న పిన్నికీ.

ఇక పిల్లలు మాటల్లో ఇంగ్లీషు కలిపేస్తున్నారన్న బాధ. షాపుకొచ్చే పిల్లల మాటలు చెవిపెట్టి వింటుంటాను. లైక్ కొడతారు. స్టేటస్ పెడతారు. స్క్రీన్‌షాట్ తీస్తారు. రీచార్జ్ చేయిస్తారు. బ్లూ టిక్ పడిందంటారు. గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోయాడంటారు. మాట ఎక్కడినుంచి వచ్చినా దానికి తగిలించే క్రియ తెలుగుదే, అదీ ఒక్కోదానికి ఒక్కోటి. లైక్‌కి "కొట్టు" అని, స్టేటస్‌కి "పెట్టు" అని ఎవరు నేర్పారు వీళ్ళకి? ఏ అకాడమీ నిర్ణయించింది? అయినా శ్రీకాకుళం నుంచి హోసూరు దాకా తెలుగు పిల్లలు ఎవర్నడిగినా స్క్రీన్‌షాట్ తీశామనే అంటారు. ఫొటో తీస్తాం కాబట్టి అదీ తీయడమే. రీచార్జ్ షాపులో ఇంకొకరి చేత చేయించుకునేది కాబట్టి "చేయించు" వచ్చింది. కొత్త సరుకు వచ్చినప్పుడు దాన్ని ఏ అరలో పెట్టాలో భాషకు తెలుస్తోంది. కచేరీ, వకీలు, రైలు, టికెట్టు ఇలాగే వచ్చి మనవైపోయాయి. మాటల కోసం పిల్లల్ని నిలదీయడం మానేద్దాం. ఆ టెన్షన్‌కి భయపడి పెద్దవాళ్ళ ముందు తెలుగులో నోరెత్తని పిల్లలు నాకు తెలుసు.

ఇంకో మార్పు మీరు గమనించారో లేదో. పాతికేళ్ళ కిందట చెన్నై తెలుగు పిల్లలకు తెలిసిన తెలుగు రెండే రకాలు: ఇంట్లో మాట్లాడేది, సినిమాలో వినేది. ఇప్పుడు రీల్స్‌లో, యూట్యూబ్‌లో కరీంనగర్ అవ్వ వంట చెబుతుంది, అనంతపురం కుర్రాడు కథ చెబుతాడు, శ్రీకాకుళం యాస ఇంట్లోకి వస్తుంది. మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి "మస్తుంది ఆంటీ" అంటుంది, ఆ వెంటనే "ఆమా" అని తమిళంలో తలూపుతుంది. మన ఇళ్ళలో మాట్లాడే చెన్నై తెలుగును చిన్నప్పుడు ఆంధ్రా చుట్టాలు ఎగతాళి చేసేవారు, అరవ తెలుగు అని. ఆ మాట పడ్డవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఇప్పుడు ఎవరి యాసలో వాళ్ళు వీడియో పెడుతుంటే చూసేవాళ్ళున్నారు. చెన్నై తెలుగు మాత్రం అక్కడ ఎక్కడా పెద్దగా వినపడదు. వాషర్‌మన్‌పేట, పెరంబూరు, ఐనావరం ఇళ్ళలో తరాలుగా మాట్లాడుతున్న ఆ తెలుగును, పెద్దవాళ్ళు ఉండగానే, ఫోన్లో రికార్డు చేసి పెట్టే పని సంఘాలు తలకెత్తుకోవాలి. దీనికి నిధులు అక్కర్లేదు. ఒక మనవరాలు, ఒక అమ్మమ్మ, ఒక మధ్యాహ్నం చాలు.

మార్పులన్నీ మంచివని నేను అనడం లేదు. ఒకటి నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎవరైనా పోయారని గ్రూపులో కబురు పడితే, క్షణాల్లో వరసగా "ఓం శాంతి", "ఓం శాంతి", చేతులు జోడించిన బొమ్మలు. పోయిన మనిషి గురించి ఒక్క వాక్యం ఉండదు. పుట్టినరోజుకి పూలగుత్తి బొమ్మ, పండగకి ఎవరో చేసిన దీపం బొమ్మ. "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అని దీవించిన నోళ్ళే ఇవాళ ఆ బొమ్మలు ఫార్వర్డ్ చేస్తున్నాయి. మాట్లాడే భాషలో కరువు ఇక్కడ కనిపిస్తోంది నాకు, పిల్లల ఇంగ్లీషు మాటల్లో కాదు. ఈ విషయంలో పిల్లలకంటే మనమే ఎక్కువ ఫార్వర్డ్ చేస్తున్నాం. సంఘాల గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. వాటి బదులు ఎవరైనా తమ ఊరి గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తే, రాయడం రాకపోతే మాట్లాడి పంపితే, ఆ గ్రూపులో ఉన్న పిల్లలకు వినడానికి ఒక తెలుగు దొరుకుతుంది.

ఇప్పుడు మీరు చెయ్యగలిగినదాని గురించి.

మీ సంఘం నుంచి వచ్చే ప్రతి ఆహ్వానం, ప్రతి ప్రకటన బొమ్మగా వస్తోంది. చేసిచ్చేది నాలాంటివాళ్ళమే, అందుకే లోపలి సంగతి చెబుతున్నాను. రంగుల బ్యాక్‌గ్రౌండు మీద అందమైన ఫాంటుతో తెలుగు అక్షరాలు పరిచి, జేపెగ్ చేసి ఇస్తాం. దానికింద మీరు కార్యక్రమం వివరాలు ఇంగ్లీషులో రాసి గ్రూపుల్లో పెడతారు. ఆ బొమ్మలో తెలుగు కళ్ళకే కనపడుతుంది, ఫోనుకి తెలియదు. బొమ్మలోంచి అక్షరాలు లాగే సాధనాలు వచ్చాయి కానీ, వంకర్లు తిరిగిన ఫాంటు దగ్గర, పూల డిజైను దగ్గర అవి తడబడతాయి. అదే ఆహ్వానాన్ని బొమ్మతోపాటు కింద మామూలు తెలుగు అక్షరాల్లో, అంటే ఏ ఫోనైనా తెలుగని గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేసి పెట్టారనుకోండి. తెలుగు చదవలేని పిల్ల దాన్ని సెలెక్ట్ చేసి ఫోన్ చేత పైకి చదివించుకోగలదు. ఫోన్ గొంతు కాస్త గట్టిగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది, అయినా అర్థమవుతుంది, ఎందుకంటే తెలుగు వింటే వాళ్ళకి తెలుసు. చూస్తూ వింటే అక్షరాలు మెల్లగా పరిచయమవుతాయి. రోమన్‌లో రాసిన తెలుగును మాత్రం ఫోన్ చేత చదివిస్తే చాలాసార్లు ఇంగ్లీషు అనుకుని ఏదేదో పలుకుతుంది. ఈ ఒక్క అలవాటు మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఇకనుంచి నా దగ్గర చేయించుకునే ప్రతి ఆహ్వానంతో యూనికోడ్ మేటరు కూడా విడిగా పంపిస్తాను. మిగతా డీటీపీవాళ్ళను మీరు అడగండి, వాళ్ళూ ఇస్తారు.

ప్రత్యేక సంచికల సంగతి ఇంకా ముఖ్యం. మీలో కొందరి దగ్గర పాతిక ముప్ఫై ఏళ్ళ సంచికలున్నాయి. చెన్నైలో తెలుగు నాటకాల గురించి, సినిమా తొలిరోజుల గురించి, జార్జిటౌన్‌లో వ్యాపారాలు చేసిన కుటుంబాల గురించి వాటిలో ఉన్న వ్యాసాలు ఇంకెక్కడా దొరకవు. కానీ అవన్నీ పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, పైకి తెలుగు ఆకారం తొడిగారంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి. ఎవరైనా గూగుల్‌లో వెతికితే ఒక్క వాక్యం దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర కొంచెం దిద్దుకోవాలి, అంతే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలు చేరడం ఇలా తీరిక చేసుకుని కూర్చుని రాసిన మామూలు మనుషుల వల్లే. చెన్నై తెలుగువాళ్ళ చరిత్ర అందులోకి రావాలంటే మీ బీరువాల్లో ఉన్నది బయటికి రావాలి.

ఇది ఈ ఊరికి తగిన పని కూడా. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా ఇక్కడ మొదలైంది. 1947లో చందమామ ఇక్కణ్ణుంచే బయల్దేరి తెలుగు పల్లెలన్నిటికీ వెళ్ళింది. తెలుగు నాట అక్షరం నేర్చుకున్న ఎన్నో తరాల చేతుల్లోకి పుస్తకం మద్రాసు నుంచే వచ్చింది. ఆ ఊళ్ళో పుట్టిన తెలుగు పిల్ల తన పెళ్ళి కార్డులో తన పేరు గుర్తుపట్టలేకపోవడం నేను ఊరికే చూస్తూ ఉండలేను.

మన పక్కవాళ్ళు ఏం చేశారో చూడండి. 1999 ఫిబ్రవరిలో ఇదే చెన్నైలో తమిళ ఇంటర్నెట్ సదస్సు జరిగింది. ఆ తరవాత తమిళనాడు ప్రభుత్వం తమిళ్‌నెట్ 99 అనే కీబోర్డును ప్రమాణంగా ప్రకటించింది. 2001లో ఇంటర్నెట్ ద్వారా తమిళం నేర్పడానికి ఒక సంస్థనే పెట్టారు. వాళ్ళ పిల్లలూ చాటింగ్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొడతారు, ఆ అలవాటు అందరిదీ. అయినా వాళ్ళకు బడి ఉంది, బస్సు మీద పేరు ఉంది, వీధి చివర బోర్డు ఉంది. లిపి రోజూ కంటపడుతుంది. యూనికోడ్ పట్టికలో తమిళం వెంటనే మన తెలుగే ఉంటుంది, అక్కడా ఇరుగుపొరుగే. కానీ ఈ ఊళ్ళో తెలుగు అక్షరం కంటపడే చోటు బయట లేదు. ఫోన్లోనే కల్పించాలి. ప్రభుత్వం చెయ్యదు, బడి చెయ్యలేకపోతోంది. మిగిలింది మీరు.

లిపి నేర్పడం గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది, దయచేసి ఆలోచించండి. మీ ఆదివారం తరగతుల్లో పిల్లల చేత అ ఆలు పలక మీద దిద్దిస్తారు. వచ్చే పిల్లలు తక్కువ, మానేసేవాళ్ళు ఎక్కువ. చేతిరాత మంచిదే, కానీ మొదట అది పట్టుకోవడం వల్ల పిల్లలు ఋ దగ్గరే అలిసిపోతున్నారు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ" అని కొట్టగానే పైన తెలుగులో రెండు మూడు మాటలు చూపిస్తుంది. అందులో సరైనది ఎంచుకుంటే చాలు. అంటే చదవడం వస్తే రాయడం వచ్చినట్టే. అక్షరాన్ని గుర్తుపట్టడం, దాన్ని గుండ్రంగా దిద్దడం కన్నా చాలా తేలిక. మాట ముందే వచ్చిన పిల్లలకు ఇంకా తేలిక. వాళ్ళ వేళ్ళకు అలవాటైన పద్ధతి ఏదీ మానక్కర్లేదు, కొట్టేది అవే అక్షరాలు, తెర మీద పడేది తెలుగు. కాబట్టి ముందు గుర్తుపట్టడం నేర్పండి. ఇంటిపేరు, అమ్మ పేరు, తాతల ఊరి పేరు, ఇష్టమైన హీరో పేరు, పాట పల్లవి, వీటితో మొదలుపెట్టండి. పలక తరవాత వస్తుంది, ఇష్టం పుట్టినవాళ్ళకు.

పెద్దవాళ్ళకు నోటితో చెబితే రాసే సదుపాయం ఉంది. గూగుల్ 2017లో తెలుగుకూ వాయిస్ టైపింగ్ తెచ్చింది. నాకు తెలిసిన పెద్దావిడ ఒకరు మైకు గుర్తు నొక్కగానే సర్దుకుని కూర్చుని, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. ఎందుకమ్మా అంటే, మన మాట దానికి అర్థం కాదమ్మా అన్నారు. నిజమే, అది మన ఇళ్ళ తెలుగుకు కొన్నిసార్లు తికమక పడుతుంది. అది మన తెలుగు విన్నది తక్కువ. యంత్రాలు నేర్చుకునేది జనం రాసినదాన్నుంచి, మాట్లాడినదాన్నుంచి. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? "జ్ఞా" అనే తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి, మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. సరిచేసిన 11.2.6 వెర్షన్ ఆ నెల 19న వచ్చింది. తెలుగు లిపిలో రోజూ రాసేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉండి ఉంటే, అలాంటి లోపం బయటికి రాకముందే దొరికి ఉండేదని నేను నమ్ముతున్నాను. రోమన్‌లో మనం ఎంత రాసినా అది తెలుగు లెక్కలోకి చాలావరకు రాదు.

గిడుగువారి పేరు మీద సభ చేస్తున్నాం కాబట్టి ఒక్క మాట. ఆయన వాడుక భాష కోసం పోరాడారని అందరం చెబుతాం. అంతకుముందే ఆయన సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడి నడిపారు. జనం ఏ భాషలో మాట్లాడుతున్నారో అక్కడికి ఆయన వెళ్ళారు. ఈ ఊళ్ళో తెలుగు పిల్లలు ఉన్నది ఫోన్లో.

అందుకని ఈ ఆగస్టు 29న, ఒక్క సభలోనైనా, ఉపన్యాసాల సమయంలోంచి ఒక గంట తీసి పక్కన ఒక బల్ల వెయ్యండి. వచ్చినవాళ్ళ ఫోన్లలో తెలుగు కీబోర్డు పెట్టిస్తాం, వాయిస్ టైపింగ్ చూపిస్తాం, తెలుగును పైకి చదివించుకోవడం నేర్పుతాం. ఒక్కో ఫోన్‌కి ఎక్కువసేపు పట్టదు. కాలేజీ పిల్లల్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెడదాం. నేర్పేవాళ్ళు వాళ్ళే కావాలి. తెలుగు రాదని ఇంతకాలం వేదిక మీంచి విన్న పిల్లలు, వేదిక పక్కన కూర్చుని పెద్దవాళ్ళకు తెలుగు పెట్టి ఇస్తారు. అమ్మమ్మలు వాళ్ళకు అక్షరాలు చెబుతారు, వాళ్ళు అమ్మమ్మలకు ఫోను చెబుతారు.

నేను వస్తాను. మా షాపులో పనిచేసే ఇద్దరు అమ్మాయిలూ వస్తామన్నారు. కీబోర్డు ఎలా పెట్టుకోవాలో బొమ్మలతో ఒక పేజీ తయారుచేశాను, ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు తమిళంలో. మీకు కావలసినన్ని కాపీలు ఊరికే వేసిస్తాను. ఆహ్వానం ఫైనల్ చెయ్యడానికి ఎలాగూ మీ కార్యదర్శిగారు షాపుకి వస్తారు. కార్యక్రమ వివరాల్లో "ఫోన్‌లో తెలుగు, ఉదయం 10 గంటలకు" అని ఒక లైను కలపమని ఆయనకు చెప్పి పంపండి.

ఇట్లు,
రాయపేటలో మీ పుస్తకాలు, శుభలేఖలు కంపోజ్ చేసే మనిషి
చెన్నై